120 గ్రెయిన్ల సుద్ద: జోసెఫ్ బ్లాక్ కథ

ఇంటర్ ఎంపీసీ చదివొచ్చిన వాళ్ళెవరినైనా నిద్రలో లేపి అడగండి. వంద గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ని పూర్తిగా కాలిస్తే ఎంత సున్నం మిగులుతుంది? 56 గ్రాములని చెప్పి మళ్ళీ అటు తిరిగి పడుకుంటారు. వాయువు ఎంత పోతుంది? 44 గ్రాములు, ఎస్‌టీపీ దగ్గర 22.4 లీటర్లు. ఎంసెట్ కోచింగ్‌లో ఈ లెక్కకి నిమిషం కూడా ఇవ్వరు. మనం కూడా అంతకంటే ఎక్కువ తీసుకోం.

కానీ ఆ 44 మొదట ఎవరికి కనబడింది, ఎలా కనబడింది అన్నది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. మోల్ అనే మాట లేని రోజులవి. పరమాణు భారాల పట్టిక లేదు. గాలి అంటే ఒకటే గాలి అనుకునే కాలం. అప్పుడు పాతికేళ్ళు దాటీ దాటని ఒక మెడికల్ స్టూడెంట్ చేతిలో త్రాసు పట్టుకుని, రాయిలోంచి పోయిన గాలిని తూకం వేశాడు. ఆయన పేరు జోసెఫ్ బ్లాక్. కెమిస్ట్రీ పుస్తకంలో ఆయన పేరు మహా అయితే ఒక లైనులో వస్తుంది, గుప్తోష్ణం దగ్గర. ఆయన కథ అంతకంటే పెద్దది.

బ్లాక్ 1728 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టాడు. తండ్రి బెల్‌ఫాస్ట్ మనిషి, పూర్వీకులు స్కాట్లండ్ వాళ్ళు. బోర్డోలో వైన్ వ్యాపారం. తల్లి వైపు వాళ్ళదీ స్కాట్లండే, వాళ్ళదీ అదే వ్యాపారం. ఇంటి నిండా పిల్లలు. పన్నెండేళ్ళప్పుడు చదువు కోసం బెల్‌ఫాస్ట్ పంపారు, అక్కణ్ణుంచి గ్లాస్గో యూనివర్సిటీకి. అక్కడ భాషలు, తత్వశాస్త్రం చదువుకుంటూ ఉంటే నాన్న దగ్గర్నుంచి ఒత్తిడి మొదలైంది, తిండి పెట్టే వృత్తి ఏదో ఒకటి చూసుకోమని. ఈ సీన్ మనకెవరికీ కొత్త కాదు. బ్లాక్ మెడిసిన్ ఎంచుకున్నాడు.

అదృష్టం ఏంటంటే అప్పుడే గ్లాస్గోలో విలియం కలెన్ అనే ఆయన కెమిస్ట్రీ పాఠాలు మొదలుపెట్టాడు. అప్పటిదాకా కెమిస్ట్రీ అంటే మందుల తయారీకి పనికొచ్చే చిట్కాల మూట. కలెన్ దాన్ని ఒక శాస్త్రంగా చెప్పాడు. బ్లాక్ ఆయన పాఠాలు విని, ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు ఆయన ల్యాబ్‌లోనే అసిస్టెంట్‌గా పనిచేశాడు. 1752లో మెడిసిన్ పూర్తిచేయడానికి ఎడిన్‌బరో వెళ్ళాడు.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజుల్లో మూత్రాశయంలో రాళ్ళు చాలామందిని పట్టి పీడించే జబ్బు. మత్తుమందు లేదు. ఆపరేషన్ అంటే మనిషిని బల్లకి కట్టేసి కోయడమే, బతికితే బతికినట్టు. కాబట్టి తాగితే రాయి కరిగిపోయే మందు ఏదైనా ఉంటుందా అని అందరికీ ఆశ. జొవానా స్టీఫెన్స్ అనే ఆవిడ తన దగ్గర అలాంటి రహస్య మందు ఉందంటే, 1740 ప్రాంతంలో బ్రిటిష్ పార్లమెంటు ఆ రహస్యం బయటపెట్టినందుకు ఆవిడకి 5,000 పౌండ్లు ఇచ్చింది. మందులో ముఖ్యమైనవి ఏంటో తెలుసా? కాల్చిన కోడిగుడ్డు పెంకులు, నత్తలు, సబ్బు. గుడ్డు పెంకు అంటే కాల్షియం కార్బొనేటే. కాలిస్తే సున్నం. అంటే జనం తాగింది సున్నపు సరుకే.

ఆ తర్వాత డాక్టర్ల దృష్టి సున్నపు తేట మీద పడింది. ఎడిన్‌బరోలో ఇద్దరు ప్రొఫెసర్లు, రాబర్ట్ వైట్, చార్లెస్ ఆల్‌స్టన్, దీని మీదే గొడవపడ్డారు. ఒకాయన గుల్లలు కాల్చిన సున్నం మంచిదంటాడు, రెండో ఆయన రాయి కాల్చిన సున్నం మంచిదంటాడు. బ్లాక్‌కి కూడా ఈ విషయం మీదే పనిచేయాలని ఉంది. కానీ ఇద్దరూ తన యూనివర్సిటీ వాళ్ళే. ఏ వైపు మాట్లాడినా రెండో ఆయనకి కోపం. అందుకని థీసిస్ కోసం సున్నాన్ని పక్కనపెట్టి, దానికి చుట్టంలాంటి తెల్లటి పొడిని తీసుకున్నాడు. దాన్ని మాగ్నీషియా ఆల్బా అనేవాళ్ళు, మన భాషలో మెగ్నీషియం కార్బొనేట్ రకం. కడుపులో పులుపు తగ్గించే మందుగా వాడేవాళ్ళు. ఎవరి కాలూ తొక్కకుండా తన ప్రశ్న దగ్గరికి పక్కదారిలో వెళ్ళాడన్నమాట. 1754లో ఎండీ వచ్చింది. 1755లో మిగతా ప్రయోగాలన్నీ కలిపి ఎడిన్‌బరో ఫిలసాఫికల్ సొసైటీ ముందు చదివాడు. 1756లో అది అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 28.

ప్రశ్న ఏంటో మనకి ఇంట్లోనే అర్థమవుతుంది. సున్నపురాయి ముక్క నోట్లో పెట్టుకుంటే ఏమీ కాదు, రాయి లాగే ఉంటుంది. అదే రాయిని బట్టీలో కాల్చి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి సున్నం అవుతుంది. తాంబూలంలో ఆ సున్నం ఆవగింజంత ఎక్కువైందా, నాలుక పొక్కిపోతుంది. మరి ఆ ఘాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పటి పండితుల జవాబు, నిప్పులోంచి. కాల్చేటప్పుడు అగ్ని కణాలు రాయిలోకి దూరి కూర్చుంటాయి, అవే నాలుకని కాలుస్తాయి అని. వినడానికి బాగానే ఉంది. నిజం చెప్పాలంటే నాకూ సమంజసంగానే అనిపించింది.

బ్లాక్ చేసింది చాలా సింపుల్. నిప్పు లోపలికి వెళ్ళి ఉంటే బరువు పెరగాలి, లేదా కనీసం తగ్గకూడదు. తూచి చూద్దాం అన్నాడు. ముందు మాగ్నీషియాని కాల్చి చూశాడు. బరువు సగానికి పైగా పోయింది. ఆవిరిగా వచ్చిందేమైనా ఉందేమోనని చల్లార్చి పట్టుకుంటే కొంచెం నీళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. మరి మిగతా బరువంతా ఎటు పోయినట్టు? కంటికి కనబడకుండా పోయేది గాలి ఒక్కటే.

ఇక సుద్ద. (మన క్లాసురూముల్లో చాక్‌పీస్ చాలావరకు జిప్సం, ఇది అది కాదు. ఇది నిజమైన సుద్ద, కాల్షియం కార్బొనేట్.) బ్లాక్ 120 గ్రెయిన్ల సుద్ద తీసుకున్నాడు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, మన కంసాలులు వాడిన గురివింద గింజ ఎత్తులో రమారమి సగం. అంటే మొత్తం సుద్ద 7.78 గ్రాములు. పూర్తిగా కాలిస్తే మిగిలిన సున్నం 68 గ్రెయిన్లు.

మన ఇంటర్ లెక్క వేద్దాం. 120 ని 100 తో భాగించి 56 తో గుణిస్తే 67.2. ఆయనకి వచ్చింది 68. తేడా 1.2 శాతం. పోయిన వాయువు లెక్క ప్రకారం 52.8 గ్రెయిన్లు, ఆయన త్రాసు చెప్పింది 52. ఈ వాయువు ఎస్‌టీపీ దగ్గర దాదాపు 1.74 లీటర్లు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో పట్టేస్తుంది. కాల్షియం అనే మూలకం ఉందనే ఎవరికీ తెలియని కాలంలో, మసి బొగ్గుల కొలిమి పక్కన, చేత్తో వేసిన తూకం ఇది.

అక్కడితో ఆపలేదు. ఇంకో 120 గ్రెయిన్ల సుద్దని పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించాడు. పొంగు పూర్తిగా ఆగేసరికి 421 గ్రెయిన్ల ఆమ్లం పట్టింది. తర్వాత మరో 120 గ్రెయిన్ల సుద్దని ముందు సున్నంగా కాల్చి, ఆ సున్నాన్ని అదే ఆమ్లంలో కరిగించాడు. ఈసారి పొంగే లేదు. పట్టిన ఆమ్లం 414 గ్రెయిన్లు. రెండూ దాదాపు సమానం. మనకిది సమీకరణంలో కనబడుతుంది: ఒక మోల్ కార్బొనేట్‌కైనా, ఒక మోల్ ఆక్సైడ్‌కైనా రెండు మోల్‌ల ఆమ్లమే కావాలి. ఇంకో సరదా లెక్క. 7.78 గ్రాముల సుద్దకి దాదాపు 5.67 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ కావాలి. ఆయన వాడింది 421 గ్రెయిన్లు, అంటే 27.3 గ్రాముల ద్రావణం. భాగిస్తే ఆయన సీసాలో ఆమ్లం బలం సుమారు 21 శాతం అని తేలుతుంది. దాదాపు 270 ఏళ్ళ కిందటి సీసా మీద మనం ఇప్పుడు లేబుల్ అంటించగలం. తూకాలు అంత నిజాయితీగా రాసిపెట్టాడు కాబట్టే అది కుదిరింది.

మూడో పరీక్ష నాకు అన్నిటికంటే నచ్చింది. 120 గ్రెయిన్ల సుద్ద నుంచి వచ్చిన 68 గ్రెయిన్ల సున్నాన్ని తీసుకుని, పొటాష్ కార్బొనేట్ ద్రావణంలో వేశాడు. సున్నం ఆ ద్రావణంలోంచి తన గాలిని తిరిగి లాక్కుంది. అడుగున దిగిన తెల్లపొడిని కడిగి ఆరబెట్టి తూచితే 118 గ్రెయిన్లు. పరీక్షిస్తే అచ్చంగా మామూలు సుద్ద. నేను సీఎస్‌ఈ కాబట్టి నాకు ఇది ఎన్‌కోడ్ చేసి, డీకోడ్ చేసి, ఒరిజినల్ ఫైల్‌తో పోల్చి చూడటంలా కనబడింది. ముందుకు వెళ్ళిన దారిలోనే వెనక్కి వచ్చి, మధ్యలో ఏమీ పోలేదని రుజువు చేశాడు. అగ్ని కణాలతో ఎవరికీ పని లేకుండా పోయింది. సున్నానికి ఘాటు బయటి నుంచి రాలేదు. దాన్ని సాధువుగా ఉంచుతున్న వాయువు పోవడం వల్ల బయటపడింది.

ఆ వాయువుకి స్థిర వాయువు అని పేరు వాడాడు, ఘనపదార్థంలో స్థిరంగా ఉండిపోయింది కాబట్టి. అంతకుముందు స్టీఫెన్ హేల్స్ లాంటి వాళ్ళు పదార్థాల్లోంచి గాలి పట్టి కొలిచారు, కానీ అదంతా మామూలు గాలే అనుకున్నారు. ఇది వేరే రకం గాలి అని, దానికి తన సొంత గుణాలున్నాయని చూపించింది బ్లాక్. సున్నపు తేటలో దీన్ని పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకుని ఎక్కడెక్కడ వెతికాడో చూడండి. మండే బొగ్గులోంచి వచ్చే గాలిలో దొరికింది. పులుస్తున్న కల్లులాంటి ద్రవాల మీద తేలుతూ దొరికింది. చివరికి గొట్టంలోంచి తన ఊపిరి ఊదితే తేట తెల్లబడింది. రాయిలో ఉన్నదీ, మనిషి వదిలేదీ ఒకటే వాయువు! ఎనిమిదో క్లాసు ల్యాబ్‌లో మనం స్ట్రాతో ఊది చప్పట్లు కొట్టిన ప్రయోగం అదే.

1756లో కలెన్ ఎడిన్‌బరో వెళ్ళిపోతే గ్లాస్గోలో ఆయన స్థానం బ్లాక్‌కి వచ్చింది. అక్కడ పదేళ్ళు పాఠాలు చెప్పాడు, వైద్యం చేశాడు, వేడి మీద పనిచేశాడు. ఒకేలాంటి రెండు సీసాల్లో ఒకదాంట్లో మంచు, ఇంకోదాంట్లో మంచంత చల్లటి నీళ్ళు పెట్టి పెద్ద గదిలో వదిలేశాడు. నీళ్ళు 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కి రావడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే వేడికి రావడానికి పదిన్నర గంటలు. మధ్యలో అంత వేడి థర్మామీటర్‌కి కనబడకుండా ఎటు పోయింది? అదే గుప్తోష్ణం. ఆయన లెక్కకి సుమారు 140 డిగ్రీలు వచ్చింది, ఇప్పటి విలువ 144. మళ్ళీ అదే పద్ధతి గమనించండి. కనబడకుండా పోయినదాన్ని వదిలెయ్యడు, లెక్కలో పట్టుకుంటాడు.

ఆ యూనివర్సిటీలోనే పరికరాలు బాగుచేసే కుర్రాడు జేమ్స్ వాట్. ఇద్దరూ స్నేహితులయ్యారు. వాట్ ఆవిరి ఇంజిన్ ప్రయోగాలకి బ్లాక్ డబ్బు కూడా అప్పిచ్చాడు. గుప్తోష్ణం వల్లే వాట్ కొత్త ఇంజిన్ పుట్టిందని చాలాచోట్ల రాస్తారు. వాట్ మాత్రం అలా ఒప్పుకోలేదు, బ్లాక్ దగ్గర నేర్చుకున్న ఆలోచనా పద్ధతి పనికొచ్చిందన్నాడు.

1766లో బ్లాక్ ఎడిన్‌బరోలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యాడు, చివరిదాకా అక్కడే. ఆయన పాఠాలకి యూరప్ నుంచి, అమెరికా నుంచి విద్యార్థులు వచ్చేవాళ్ళు. ఆయన శిష్యుడు డేనియల్ రూథర్‌ఫర్డ్ 1772లో నైట్రోజన్‌ని వేరుచేసి చూపించాడు, ఆ ప్రశ్న ఇచ్చింది గురువే. స్నేహితులు కూడా మామూలు వాళ్ళు కాదు: ఎకనామిక్స్ వాళ్ళకి తెలిసిన ఆడమ్ స్మిత్, భూగర్భ శాస్త్రానికి పునాది వేసిన జేమ్స్ హట్టన్, తత్వవేత్త డేవిడ్ హ్యూమ్. 1776లో హ్యూమ్ చివరి రోజుల్లో వైద్యం చేసింది బ్లాకే. స్మిత్ తను పోయాక తన రాతప్రతులు కాల్చేయమని నమ్మి అప్పజెప్పింది బ్లాక్‌కీ, హట్టన్‌కీ.

ఇంత పనిచేసిన మనిషి అచ్చువేసింది మాత్రం చాలా తక్కువ. గుప్తోష్ణం గురించి ఆయన ఒక్క పేపరూ వెయ్యలేదు. క్లాసులో చెప్పాడు, అంతే. విద్యార్థుల నోట్సు చేతులు మారుతూ తిరిగింది. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే, ఎక్కువ కష్టపడితే రక్తం కక్కుకునేవాడు. పైగా తొందరపడి చెప్పడం ఆయనకి ఇష్టం లేదు. ఆయన పాఠాలు పుస్తకంగా వచ్చింది చనిపోయాక, 1803లో, స్నేహితుడు జాన్ రాబిసన్ చేతుల మీదుగా. ఈలోపు త్రాసుతో కెమిస్ట్రీ చేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో లవోయిజే ఎంతో ముందుకి తీసుకెళ్ళాడు. బ్లాక్ జీవితమంతా పాత సిద్ధాంతంతో పాఠం చెప్పినవాడు. అయినా అరవై దాటిన వయసులో లవోయిజే చెప్పిందే సబబని ఒప్పుకుని, కొత్త కెమిస్ట్రీని తన క్లాసులోకి తెచ్చాడు. సెమిస్టర్ మధ్యలో సిలబస్ మారితేనే మనం గోల చేస్తాం కదా.

పెళ్ళి చేసుకోలేదు. తిండి కూడా తూచినట్టే, కాస్త రొట్టె, కొన్ని ఎండుపళ్ళు, నీళ్ళు కలిపిన పాలు కొలత ప్రకారం. 1799 డిసెంబర్ 6న భోజనం దగ్గర కుర్చీలో కూర్చుని, పాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అలాగే ప్రాణం వదిలాడు. గిన్నె ఒలకలేదు. నౌకరు చూసి నిద్రపోతున్నాడనుకున్నాడట. ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఇదంతా ఎక్కడో స్కాట్లండ్ కథ, మనకెందుకు అనుకోవచ్చు. నేనుండే సీతాఫల్‌మండిలో బోరు నీళ్ళు వాడే ఏ ఇంట్లోనైనా బకెట్ అంచుకి తెల్లటి పెచ్చు కడుతుంది, గీజర్ కాయిల్‌కి పొర పడుతుంది. బైకార్బొనేట్ వేడికి విడిపోయి, వాయువు పోయి, సుద్ద మిగలడమే అది. ఫస్టియర్‌లో ఈడీటీఏ టైట్రేషన్ చేసి నీటి కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో రాశాం గుర్తుందా? దాని అణుభారం సరిగ్గా 100 కావడంతో లెక్క సులువవుతుందని ఆ పద్ధతి. తాగేనీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీరు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు. మధ్యలో 400 అనుకుని చూడండి. ఇరవై లీటర్ల బకెట్‌లో 8 గ్రాములు. బ్లాక్ 120 గ్రెయిన్ల సుద్ద బరువు 7.78 గ్రాములు. ఆయన ప్రయోగానికి సరిపడా సరుకు మన స్నానాల బకెట్‌లో ఉందన్నమాట.

రెండో లెక్క అంత సరదాది కాదు. మా పక్క పాత పెంకుటిళ్ళు, సున్నం కొట్టిన గోడలు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. పాత గోడ మీద వెల్ల వేస్తే అది గాలిలోని వాయువుని పీల్చుకుని మళ్ళీ సుద్దయ్యేది. బట్టీలో పోయినదాంట్లో చాలాభాగం గోడ మీద తిరిగొచ్చేది. సిమెంటు సంగతి వేరు. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, తాండూరు వైపు ఫ్యాక్టరీల్లో కాల్చేది అదే సున్నపురాయి. సిమెంటుకి మూలమైన క్లింకర్‌లో కాల్షియం ఆక్సైడ్ సుమారు 64 శాతం. యాభై కిలోల క్లింకర్‌లో 32 కిలోలు. 32 ని 44 తో గుణించి 56 తో భాగిస్తే 25 కిలోలు. అంటే బస్తాడు క్లింకర్‌కి అర బస్తా బరువు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది బొగ్గు కాలిస్తే వచ్చేది కాదు, అది అదనం. ఇది రాయిలోంచి వచ్చేది. కొలిమిని సోలార్ కరెంటుతో నడిపినా ఈ 25 కిలోలు తగ్గవు. కాంక్రీటు తిరిగి కొంత పీల్చుకుంటుంది కానీ చాలా మెల్లిగా.

వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు సిమెంటు ఎందుకంత కష్టమైన సమస్యో నాకు ఈ లెక్కతోనే అర్థమైంది. మన బ్యాచ్‌లో సివిల్ వాళ్ళున్నారు, కెమికల్ వాళ్ళున్నారు. సున్నపురాయి తగ్గించి సిమెంటు ఎలా చేయాలి, వచ్చిన వాయువుని ఎక్కడ పట్టి ఉంచాలి అన్నది రేపు వాళ్ళ ఉద్యోగం. కనబడకుండా పోయేదాన్ని కూడా ఖాతాలో రాయాలని 1756లోనే ఒకాయన చేసి చూపించాడు. ఈసారి ఆ 44 ని రఫ్ వర్క్‌లో గబగబా కొట్టేసే ముందు, అది ఒకప్పుడు 120 లోంచి 68 తీసేసి కనుక్కున్న 52 అని గుర్తుపెట్టుకోండి.